ఏ వంటకు ఏ ఉల్లిగడ్డ

ఇంటి సరుకుల్లో మనం అన్నిటికంటే తక్కువ ఆలోచించి కొనేది ఉల్లిగడ్డ. బియ్యం కొనేటప్పుడు పాతవా కొత్తవా అని అడుగుతాం. చింతపండు గింజ తీసిందో లేదో విప్పి చూస్తాం. మిరపకాయలు గుంటూరువా, బ్యాడిగివా అని ఆరా తీస్తాం. ఉల్లిగడ్డ దగ్గరికి వచ్చేసరికి "రెండు కిలోలు వెయ్యి" అనేసి, కుళ్లినవి తూకంలోకి రాకుండా చూసుకుంటే చాలనుకుంటాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎండాకాలంలో ముంబై బజార్లకు వచ్చే తెల్ల ఉల్లిగడ్డను పచ్చిగా తినే వంటలకూ, రంగు చెడకూడని వంటలకూ వేరుగా కొనుక్కోవాలి. వేపుళ్లకు, పులుసులకు, మసాలాలకు ఎర్రదాన్నే ఉంచుకోవాలి. రోజూ రెండు పూటలా చేతికి తగిలే వస్తువును తెలిసి కొనడం నేర్చుకున్నవాళ్లకు మిగతా సరుకులను తెలిసి కొనడం దానంతటదే వస్తుంది. అందుకే ఇంటి నిర్వహణ గురించిన పుస్తకంలో దీనికొక అధ్యాయం కేటాయించాను.

ఈ మాటను ముంబైలోని ఫాక్‌లాండ్ రోడ్ వంటిళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పడానికి కారణం ఉంది. కాగితాల మీద ఆ రోడ్డు పేరు ఇప్పుడు పఠ్ఠే బాపూరావు మార్గ్. దాన్ని ఆనుకుని ఉన్న కామాఠీపురకు ఆ పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోసిన కామాఠీలు అక్కడ స్థిరపడ్డారు. తర్వాత మిల్లుల్లో మగ్గాల మీద పనికి పద్మశాలీలు వచ్చారు. బయటి లోకం ఈ వీధులను వేశ్యావృత్తి అనే ఒకే ఒక్క పేరుతో గుర్తుపెట్టుకుంది. అక్కడి చాళ్లలో, అంటే వరస గదుల భవనాల్లో, తరతరాలుగా సంసారాలు చేసినవాళ్ల రుచులను ఎవరూ పట్టించుకోలేదు. ఆ రుచులు తెలంగాణవి: జొన్న రొట్టె, పచ్చి పులుసు, సర్వపిండి, సద్దన్నం. వీటిలో ఏది తీసుకున్నా పచ్చి ఉల్లిగడ్డతో పని ఉంది. పొయ్యి, మంచం, నీళ్లు వాడుకునే మోరి, దేవుడి పటం అన్నీ ఒకే ఖోలీలో (గదిలో) ఉండే ఇంట్లో గంటసేపు పొగలో వేపుళ్లు చేసేకంటే పొయ్యి ఎక్కని వంటే మేలు, మే నెలలో మరీనూ. పచ్చిగా తినే ఉల్లి ఎంత బాగుంటే ఆ పూట అన్నం అంత బాగుంటుంది. అక్కడ ఘాటెక్కిన ముతక ఉల్లి పడితే కడుపులో మంట, నోట్లో సాయంత్రం దాకా వాసన.

ఉల్లి వ్యాపారంలో ఉన్నవాళ్లెవరూ ఏదో ఒక ఉల్లి అని కొనరు. గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లా మహువా ఉల్లిని ఎండబెట్టే కర్మాగారాలకు పెట్టింది పేరు. అక్కడ ముక్కలకూ పొడికీ తెల్ల ఉల్లినే తీసుకుంటారు. ఎండాక తెల్లగా ఉండాలి, లోపల గట్టి పదార్థం ఎక్కువగా ఉండాలి. కిలో ఎండు ముక్కలకు సుమారు ఎనిమిది నుంచి పది కిలోల పచ్చి ఉల్లి పడుతుంది కాబట్టి, నీరు ఎక్కువున్న గడ్డను ఎండబెట్టడమంటే ఇంధనాన్ని తగలేయడమే. జల్‌గావ్ వైపు ఇదే పని కోసం రైతులతో ముందుగా ఒప్పందం చేసుకుని తెల్ల రకాలు పండిస్తారు. పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన కేంద్రం భీమా శ్వేత, భీమా శుభ్ర అని తెల్ల రకాలను విడిగా విడుదల చేసింది. 2023 డిసెంబరులో ఉల్లి ఎగుమతిని నిషేధించిన కేంద్ర ప్రభుత్వం కూడా, 2024 ఏప్రిల్‌లో గుజరాత్ తెల్ల ఉల్లికి మాత్రం రెండు వేల టన్నుల మేరకు అనుమతి ఇచ్చింది. విత్తనం ఖర్చు ఎక్కువని, అది ముఖ్యంగా విదేశీ మార్కెట్ కోసమే పండుతుందని చెప్పింది. రైతు, కర్మాగారం, సర్కారు, ముగ్గురూ తెల్లదాన్ని వేరే సరుకుగా లెక్కేస్తున్నారు. హోటల్లో తెల్ల గ్రేవీ చేసే వంటవాడూ అంతే. ఇంటి కొనుగోలుదారు ఒక్కరే అన్నిటికీ ఒకే గడ్డ అంటున్నారు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని ముందే తొలగించాలి. తెల్లగా ఉంటే తియ్యగా ఉంటుందని, ఎర్రగా ఉంటే ఘాటుగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. రంగు వేరు, ఘాటు వేరు. గడ్డను కోసినప్పుడు దాని కణాలు చితికి, అప్పటిదాకా విడివిడిగా ఉన్న గంధక పదార్థాలు, ఎంజైములు కలుస్తాయి. ఆ కలయికలో పుట్టే వాయువే కళ్లు మండిస్తుంది. దాన్ని తయారు చేసే ప్రత్యేక ఎంజైమును 2002లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈ గంధకం ఎంత చేరుతుందన్నది విత్తనాన్ని బట్టి, నేలను బట్టి ఉంటుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రపు విడాలియా ఉల్లి పసుపు పొట్టుతో ఉంటుంది, అయినా తియ్యగా ఉండటానికే పేరు. అక్కడి నేలలో గంధకం తక్కువ. ఎండబెట్టడానికి పెంచిన తెల్ల రకాలేమో కళ్లలో నీళ్లు తెప్పించగలవు. కాబట్టి బండి మీద విడిగా పోసిన ప్రతి తెల్ల గడ్డా తియ్యనిదని అనుకోవద్దు. మన వంటకు కావలసింది తెల్లగా ఉండి, ఘాటు కూడా తక్కువున్న రకం. ముంబైకి అది దగ్గర్లోనే పండుతుంది.

గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పడవెక్కితే అవతలి ఒడ్డు రాయ్‌గడ్ జిల్లా. అక్కడి అలీబాగ్ తాలూకాలో కార్లే, ఖండాళే లాంటి ఊళ్లలో వరి కోతలయ్యాక అదే మళ్లలో తెల్ల ఉల్లి వేస్తారు. ఎండలు ముదిరేనాటికి గడ్డ తయారవుతుంది. దాన్ని గోనెల్లో నింపరు. ఆకులు కోయకుండా ఆరబెట్టి, ఆ ఎండాకులనే జడలా అల్లి, వరసగా గడ్డలు వేలాడే దండలు కడతారు. మరాఠీలో ఆ దండను మాళ అంటారు. అలీబాగ్ తెల్ల ఉల్లికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వడ్ఖళ్ నుంచి అలీబాగ్ వెళ్లే దారి పొడవునా ఈ దండలు కట్టి అమ్ముతారు. ముంబైలో పెద్ద కూరగాయల బజార్లకూ వస్తాయి. ఫాక్‌లాండ్ రోడ్ వాళ్లకు గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గరి భాజీ గల్లీ నడిచి వెళ్లేంత దూరం. కొనేటప్పుడు చూడాల్సినవి తక్కువే. గడ్డ చిన్నది నుంచి మధ్య రకం, పొట్టు పలచన, మెడ సన్నగా బాగా ఎండి ఉండాలి. మెడ దగ్గర వేలితో నొక్కితే మెత్తగా దిగబడిందంటే లోపల తడి ఉంది, పది రోజులు ఆగదు. పేరు వచ్చిన సరుకుకు నకిలీలూ తప్పవు కనుక, దండ మొత్తం కొనేముందు ఒక గడ్డ కోయించుకుని ముక్క నోట్లో వేసుకోండి. నమిలిన అర నిమిషానికి నాలుక మండకపోతే తీసుకోండి.

ఇప్పుడు వంట. పచ్చి పులుసు దగ్గర ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెల్ల ఉల్లికి ఎర్ర ఉల్లికి తేడా అన్నిటికంటే బాగా తెలిసేది అక్కడే. అలవాటు ప్రకారం మనం ఉల్లిగడ్డను సన్నగా తరిగి, ఉప్పు, కాల్చిన మిరపకాయలు వేసి చేత్తో గట్టిగా పిసికి, దాని మీద చింతపండు రసం పోస్తాం. పిసకడమంటే కణాలను వీలైనన్ని చితకగొట్టడం. ఘాటైన ఎర్ర గడ్డతో ఆ పని చేస్తే గంధకపు ఘాటు మొత్తం బయటికి వచ్చి, పులుసు గంట ఆగేసరికి చేదెక్కుతుంది. పొద్దున చేసిన పచ్చి పులుసు మధ్యాహ్నానికి బాగోలేదని చాలామంది అనే మాటకు మూలం చింతపండు కాదు, ఉల్లి. అలీబాగ్ గడ్డతో అయితే ఎంత పిసికినా భయం లేదు. దాని తీపి రసంలోకి దిగుతుంది, బెల్లం సగానికి తగ్గించవచ్చు. ఆ తర్వాత నువ్వుల పొడి, కొత్తిమీర, పైన జీలకర్ర, ఆవాలు, కరివేపాకు పోపు. తెల్లది దొరకని నెలల్లో క్రమం తిరగేయండి. ఎర్ర ఉల్లిని పదునైన కత్తితో తరిగి, పిసకకుండా నేరుగా చింతపండు రసంలో వేయండి. పులుపులో ఆ ఎంజైము పని మందగిస్తుంది కాబట్టి ఘాటు అంతగా పెరగదు. ఉప్పు, మిరపకాయలను విడిగా నలిపి కలపండి. ఎంత ఘాటు వస్తుందో నిర్ణయించేది గడ్డ ఒక్కటే కాదు, దాని మీద మన చెయ్యి ఎంత పడిందన్నది కూడా. తరిగే తీరు కూడా లెక్కకొస్తుంది: వేరు నుంచి మొన వైపు నిలువుగా కోస్తే తక్కువ కణాలు తెగుతాయి, అడ్డంగా చక్రాల్లా కోస్తే ఎక్కువ తెగుతాయి. రొట్టెలోకి నంజుకునే ముక్కలు నిలువుగా కోసుకోండి.

పెరుగు పచ్చడికి ఘాటుతో పాటు రంగూ ముఖ్యం. ఎర్ర ఉల్లి పెరుగులో నానితే గులాబీ చారలు దిగుతాయి. ఇంట్లో తినడానికి ఇబ్బంది లేదు గానీ, నలుగురికీ వడ్డించే రోజు తెల్లదే అందం. గసాలు, జీడిపప్పు, కొబ్బరి వేసి చేసే తెల్ల కుర్మాకు ఉల్లిని నూనెలో వేయించకుండా నీళ్లలో ఉడికించి రుబ్బుతారు. ఎర్రదాన్ని అలా ఉడికిస్తే ముద్ద బూడిద రంగుకు తిరుగుతుంది, అప్పుడు దాన్ని కప్పిపుచ్చడానికి పసుపో కారమో వేసి వంట పేరే మార్చేస్తాం. తెల్లదాన్ని నాలుగు ముక్కలు చేసి, మెత్తబడేదాకా ఉడికించి, ఆ నీళ్లు వంపేసి రుబ్బితే పాలలాంటి ముద్ద వస్తుంది. జొన్న రొట్టె పక్కన, సద్దన్నంలో, భేల్‌లో, మిసల్ మీద, ఉడికించిన శనగల్లో, ఎక్కడ ఉల్లి చివర్న పచ్చిగా పడుతుందో అక్కడంతా దీనిదే చోటు. చలికాలంలో కాడలతో వచ్చే లేత తెల్ల గడ్డలు శనగపిండి కూరకు బాగుంటాయి, గడ్డనూ కాడనూ కలిపే వండుకోండి.

తెల్ల ఉల్లిని వాడకూడని చోట్లు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. బగారా అన్నానికి, బిర్యానీకి వేయించే ఉల్లికి, ఉల్లికారానికి, మటన్ మసాలాకు, చేపల పులుసుకు ఇది వద్దు. వేడి తగిలితే ఘాటు పుట్టించే ఎంజైము చచ్చిపోతుంది, అంటే ఎక్కువ డబ్బు పెట్టి కొన్న మెత్తదనం నూనెలో పడగానే లెక్కలోకి రాకుండా పోతుంది. పైగా రసం ఎక్కువున్న గడ్డ ఎర్రబడటానికి ముందు తన నీళ్లలో తాను ఉడుకుతుంది. గ్యాసూ కాలుతుంది, చెయ్యీ నొప్పెడుతుంది. మన వంటకు ఘాటే ప్రాణం, తియ్యని ఉల్లి ఎవరికి కావాలి అనేవాళ్ల అభ్యంతరానికి నా సమాధానం ఇదే. నిప్పు మీదికి వెళ్లే వంటల్లో వాళ్ల మాటే సరైనది. గంధకం ఎక్కువున్న ఎర్ర గడ్డ పోపులో వేగి, పులుసులో మగ్గి ఇచ్చే కమ్మదనాన్ని తెల్లది ఇవ్వలేదు. నేను అడుగుతున్నది ఎర్ర ఉల్లిని మానేయమని కాదు, దాని పని దాన్ని చేయనివ్వమని.

ఆరోగ్యం పేరుతో తెల్ల ఉల్లికి జరుగుతున్న ప్రచారాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. తెల్లదే మందు, ఎర్రది ఉత్త కూరగాయ అని ఇళ్లలో, ఫోన్లలో తిరిగే మాటకు ఆధారం బలహీనం. ఉల్లిలో మేలు చేస్తుందని ఎక్కువగా చెప్పుకునే క్వెర్సెటిన్ అనే పదార్థం ఎర్ర, పసుపు రకాల్లోనే బాగా ఉంటుంది, తెల్లదాంట్లో నామమాత్రం. ఎర్ర రంగునిచ్చే ఆంథోసయనిన్లు తెల్లదాంట్లో ఎలాగూ ఉండవు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకం మీద పిల్లలను ఎండలోకి పంపవద్దు. వడదెబ్బ నుంచి కాపాడేది నీడ, నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ. ఆ మజ్జిగలో నాలుగు ఉల్లి ముక్కలు వేసుకుంటే రుచికి మంచిదే, తాగడానికి మనసు పుడుతుంది, ఆ మేరకే ఉపకారం. ఉల్లి తింటే కడుపు ఉబ్బేవాళ్లు తెల్లదైతే పర్వాలేదనుకుని ఎక్కువ తినకూడదు. ఆ ఉబ్బరానికి కారణమైన ఫ్రక్టాన్లు అన్ని రంగుల ఉల్లిలోనూ ఉంటాయి. రుచి కోసం, రంగు కోసం తెల్ల ఉల్లి కొనడం నిజాయితీ ఉన్న కారణం. దానికి లేని మహిమ అంటగట్టనక్కర్లేదు.

అసలు గట్టి అభ్యంతరం నిల్వ గురించి. తెల్ల ఉల్లి ఆగదు, త్వరగా మొలకెత్తుతుంది, నల్ల బూజు పడుతుంది అంటారు. ఇది నిజం. తెగుళ్ల విషయంలో ఒక కారణమూ తెలుసు. 1929లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు రంగు ఉల్లి ఎండు పొట్టులో ప్రొటోకాటెచుయిక్ ఆమ్లం అనే పదార్థాన్ని గుర్తించారు. ఉల్లికి మచ్చ తెగులు తెచ్చే ఒక శిలీంధ్రాన్ని అది పొట్టు దగ్గరే అడ్డుకుంటుంది. తెల్ల పొట్టుకు ఆ రక్షణ లేదు. దానికి తోడు ముంబైలో జూన్ రెండో వారం నుంచి గాలిలో తడి, ఖోలీలో మోరి తడి, వంట ఆవిరి. కాబట్టి తెల్ల ఉల్లిని ఏడాదికి సరిపడా కొని పెట్టుకోవాలన్న ఆశ వద్దు. ఆ దండ కట్టుడు ఉన్నది దీని కోసమే: గడ్డకూ గడ్డకూ మధ్య గాలి ఆడుతుంది, ఒకటి చెడితే పక్కదానికి అంటకముందే కంటికి కనిపిస్తుంది, కోసి పారేయవచ్చు. ఒక్క గదిలో రెండు రకాలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు కూడా ఇదే జవాబు. నేల మీద బుట్ట చోటు ఆక్రమిస్తుంది, దండకు గోడకు కొట్టిన ఒక మేకు చాలు. మోరికీ పొయ్యికీ దూరంగా, గ్యాలరీ వైపు కిటికీ పక్కన వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టవద్దు. ఆలుగడ్డల బుట్ట పక్కన పెట్టవద్దు, రెండూ ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. కోసిన సగం ముక్కను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాటికల్లా వాడేయండి. ఫ్రిజ్ లేని ఇంట్లో చిన్న గడ్డ చూసి కోసుకోవడం మేలు, అలీబాగ్ గడ్డలు అందుకు అనువైన సైజులోనే ఉంటాయి.

ధర సంగతి. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తర్వాత మగవాళ్ల జీతాలు ఆగిపోయిన ఇళ్లను బీడీలు చుట్టి నడిపించిన ఆడవాళ్ల పేటకు పొదుపు పాఠం చెప్పే సాహసం నేను చేయను. లెక్క మాత్రం వేసి చూపిస్తాను. వారానికి రెండు కిలోల ఉల్లి వాడే ఇల్లు అనుకుందాం. అందులో పచ్చిగా తినేది అరకిలోకి మించదు. కాబట్టి తెల్లదాని అధిక ధర పడేది ఆ అరకిలో మీదే, రెండు కిలోల మీద కాదు. అదీ ఎండాకాలపు వారాల్లోనే. ఘాటు భరించలేక పిల్లలు కంచంలో వదిలేసిన ముక్కలు, చేదెక్కి పారబోసిన పచ్చి పులుసు, కుర్మా రంగు సరిచేయడానికి వేసిన జీడిపప్పు, వీటి ఖర్చు ఎవరూ రాసుకోరు. ఎర్ర ఉల్లిని తరిగి చన్నీళ్లలో పావుగంట నానబెడితే ఘాటు తగ్గుతుంది కదా, అదనపు ఖర్చు ఎందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు. తగ్గుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నేను సూచించేదీ అదే. కానీ ఆ నీళ్లతో పాటు తీపిలో కొంత, వాసనలో కొంత పోతాయి. నీళ్లు పట్టుకోవడానికి వేళలున్న చాల్‌లో కూరగాయ నానబెట్టిన నీళ్లు పారబోయడం కూడా ఖర్చే. చేతిలో డబ్బు ఆడని వారం ఎర్రదాన్ని నానబెట్టుకోండి, ఆడిన వారం దండ కొనుక్కోండి.

మే నెలాఖరుకు దండలో మిగిలినవాటిని వాన పడకముందే ఖర్చు చేయాలి. నాలుగైదు గడ్డలుంటే నిలువుగా చీరి, ఉప్పు, నిమ్మరసం, చీరిన పచ్చిమిర్చి కలిపి సీసాలో పెడితే ఫ్రిజ్‌లో వారం పది రోజులు నంజుకోవచ్చు. ఎక్కువుంటే వడియాలు పెట్టండి. మినప్పప్పును రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు తగలకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలపండి. తరిగిన ఉల్లిని విడిగా ఉప్పేసి పావుగంట ఉంచి, గుడ్డలో వేసి రసం గట్టిగా పిండాకే పిండిలో కలపండి. పిండకపోతే వడియం లోపల తడి ఆగి మూడో రోజుకు పులుపు వాసన వస్తుంది. పిండిన రసం పారబోయకుండా ఆ పూట చారులో పోయండి. డాబా మీద గుడ్డ పరిచి చిన్న చిన్నగా పెట్టి, రెండో రోజు తిరగేసి, విరిస్తే పెళ్లున విరిగేదాకా ఎండనివ్వండి. వేయించేటప్పుడు మంట మధ్యస్థంగా ఉంచండి. తెల్ల ఉల్లిలో తీపి ఉంది కాబట్టి పెద్ద మంట మీద పిండి వేగేలోపే ఉల్లి మాడుతుంది.